కాలు బాగానే ఉంది కదా, ఫైలేరియా మాత్ర నాకెందుకు?

[తెరపై ప్రెజెంటర్. బల్ల మీద మాత్రల పట్టీలు.]

నమస్కారం. ఆశా కార్యకర్త ఫైలేరియా మాత్రలు తెచ్చిన ప్రతిసారీ వీధి వీధిలో వినిపించే మాటలు రెండు. "మా ఇంట్లో ఎవరికీ బోదకాలు లేదమ్మా, మాకెందుకు?" అన్నది ఒకటి. "పక్కింటాయన ఏటా మింగుతూనే ఉన్నాడు, ఆయన కాలు తగ్గిందా?" అన్నది రెండోది. బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇదే అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. మాత్ర కాలి వాపు కోసం అనుకోవడం వల్లే ఈ రెండు మాటలూ పుట్టాయి. ఆ మాత్ర పని కాలిలో కాదు, రక్తంలో.

దోమ కుడితే వస్తుందని మీకు తెలుసు కాబట్టి అక్కడ ఆగను. లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

[తెరపై బొమ్మ: పొలం, ఒక పక్క పంట కాలువ, మరో పక్క మురుగు కాలువ.]

గోదావరి డెల్టా వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పొలానికి నీరు తెచ్చేది పంట కాలువ. మిగిలిన నీటిని తీసుకుపోయేది మురుగు కాలువ. అందరూ మొదటి దాని గురించే కొట్లాడుకుంటారు, రెండో దాని సంగతి చేను మునిగితే కానీ గుర్తుకు రాదు. ఒంట్లో రక్తనాళాలు పంట కాలువలైతే, కణజాలంలో మిగిలిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే లింఫ్ నాళాలు మురుగు కాలువలు. నీరు వెనక్కి మళ్లకుండా వాటికి అడుగడుగునా షట్టర్ల లాంటి కవాటాలు ఉంటాయి.

ఉకరేరియా బాంక్రాఫ్టి అనే పురుగు కాపురం పెట్టేది సరిగ్గా ఈ మురుగు కాలువలోనే. దారమంత సన్నం. ఆడది 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, మగది అందులో సగం. ఆరు నుంచి ఎనిమిదేళ్లు అక్కడే బతుకుతాయి. అవి ముద్దగా చేరి కాలువకు అడ్డం పడతాయని చాలాచోట్ల రాస్తారు. అంత సూటిగా జరగదు. 1990లలో బ్రెజిల్‌లోని రెసిఫే నగర వైద్యులు అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే, బతికున్న పురుగులు వెడల్పయిన నాళాల్లో ఆగకుండా మెలికలు తిరుగుతూ కనిపించాయి. దానికి వాళ్లు పెట్టిన పేరు ఫైలేరియా నృత్యం. రోగి ఆ తెర చూసి ఏమనుకున్నాడో మాత్రం ఎవరూ రాసినట్టు లేరు! అంటే ముందు జరిగేది కాలువ పూడటం కాదు, కట్టలు జారడం. గోడలు సాగి నాళం వెడల్పవుతుంది, షట్టర్లు మూసుకోవు, నీరు వెనక్కి తన్నుతుంది.

ఇదంతా జరుగుతున్నా బయటికి ఏమీ కనిపించదు. కేరళలోని అలప్పుజలో బ్రూజియా మలయి అనే దగ్గరి జాతి పురుగు సోకిన పిల్లలను పరీక్షించినప్పుడు, కాళ్లు మామూలుగానే ఉన్న పిల్లల్లోనూ లింఫ్ నాళాలు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. మందులు ఇచ్చాక వారిలో చాలామందికి ఆ నష్టం తగ్గుముఖం పట్టింది. చిన్నప్పుడే మింగించాలని పట్టుబట్టేది ఇందుకే.

ఇక మాత్రకు అసలు గురి మైక్రోఫైలేరియాలు, అంటే ఆ పురుగు పెట్టే పిల్లలు. ఒక్క ఆడపురుగు లక్షల్లో వదులుతుంది. పగలు అవి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి, రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రిపూటే. (ఈ దోమ పెరిగేది మురుగు కాలువలోనే, ఇది పోలిక కాదు, మీ వీధిలోని కాలువే.) ఫైలేరియా సిబ్బంది నిద్రలేపి మరీ వేలి నుంచి రక్తం తీసేది ఆ వేళకే దొరుకుతాయి కాబట్టి. పెద్ద పురుగు జాడ పట్టే యాంటిజెన్ పరీక్షను ఇప్పుడు పగలు కూడా చేయవచ్చు.

నాకు బాగా నచ్చే విషయం ఒకటి ఉంది. మలేరియా క్రిమి దోమలో వేలల్లో పెరుగుతుంది. ఇది పెరగదు. దోమలోకి ఒక మైక్రోఫైలేరియా వెళితే, రెండు వారాల తర్వాత మహా అయితే ఒక్క లార్వా బయటికి వస్తుంది. 1960లలో రంగూన్‌లో లెక్క వేస్తే, ఒకరి రక్తంలో మైక్రోఫైలేరియాలు కనిపించే స్థితి రావడానికి లార్వాలున్న దోమకాట్లు సగటున 15,500 పడుతున్నాయని తేలింది. ఇంత బలహీనమైన వ్యాధి ఇన్ని వేల ఏళ్లు నిలిచింది అంటే ఆ గొప్ప దానిది కాదు, మన ఊళ్లలోని దోమలది.

కాబట్టి పెద్ద పురుగు ఆయుష్షు తీరేదాకా రక్తంలో పిల్లలు లేకుండా చూస్తే గొలుసు తెగుతుంది. ఏటా ఒకసారి, కనీసం ఐదేళ్లు, మొత్తం జనాభాలో 65 శాతానికి తగ్గకుండా మింగాలన్న లెక్క అక్కడి నుంచి వచ్చింది. మింగాలి అన్నాను, తీసుకుని అల్మారాలో పెట్టుకోవాలి అనలేదు. ఇంకో సంగతి: ఏళ్లుగా కాలు వాచి ఉన్న పక్కింటాయన రక్తంలో చాలాసార్లు మైక్రోఫైలేరియాలు ఉండనే ఉండవు. కాలు బాగున్న మీ రక్తంలో ఉండవచ్చు. ఇప్పుడు చెప్పండి, మాత్ర ఎవరికి?

[తెరపై: డీఈసీ మాత్ర]

ఈ మాత్ర మనవాడిదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు సారథిగా ఉండగా, 1947లో డైఇథైల్‌కార్బమజీన్, అంటే డీఈసీ, వెలువడింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. జపాన్ కంపెనీ ఐసాయ్ 2013 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తున్న డీఈసీ తయారయ్యేది విశాఖపట్నంలో. ఈ మందు వింతేమిటంటే, గాజు పాత్రలో మైక్రోఫైలేరియాల మీద పోస్తే వాటికి దాదాపు ఏమీ కాదు. ఒంట్లో మాత్రం మన రోగనిరోధక కణాల చేత పట్టిస్తుంది. వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు రావడం చాలావరకు ఇందువల్లే, చస్తున్న మైక్రోఫైలేరియాల గొడవ అది. "మందు పడలేదు" అని ఊరంతా చాటేవారి ఒంట్లోనే అది ఎక్కువ పని చేసి ఉండవచ్చు. పరగడుపున వేసుకోకండి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి ఇవ్వరు.

సమయం అయిపోతోంది, వేగంగా చెబుతాను. డీఈసీకి నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ కలిపి ఇస్తూ వచ్చారు. పాపువా న్యూగినీలో 182 మందిపై చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో వీటికి ఐవర్‌మెక్టిన్ అనే మరో పురుగుల మందు కూడా చేర్చారు. ఒక్కసారి మూడు మందులు వేసుకున్నవారిలో ఏడాది తర్వాత 96 శాతం మంది రక్తం శుభ్రంగా ఉంది. రెండు మందులు ఒక్కసారి వేసుకున్నవారిలో 32 శాతమే. మన దేశంలోనూ కొన్ని జిల్లాల్లో ఈ మూడు మందుల పద్ధతి మొదలైంది. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసుకున్నాయి. మన దేశం పెట్టుకున్న గడువు 2027.

మరి వాచిన కాలు? జారిన కట్టలను ఈ మాత్రలు తిరిగి కట్టవు. ముంపు చేనుకు తెగులు త్వరగా పట్టినట్టు, నీరు నిలిచిన కాలికి వేళ్ల సందుల పగుళ్ల గుండా బ్యాక్టీరియా పడుతుంది. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం ఎక్కువగా దానివల్లే, ప్రతి దాడికీ వాపు పెరుగుతుంది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకుంటే దాడులు తగ్గుతాయి. పురుగు లోపల ఉండే వోల్బాకియా అనే బ్యాక్టీరియాను చంపే డాక్సీసైక్లిన్ ఘానాలో వాపుపై ఆశలు రేపింది. తర్వాత మాలి, శ్రీలంక, భారతదేశాల్లో పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్ర మింగినవారికీ దాదాపు అంతే మేలు జరిగింది, ఎందుకంటే రెండు గుంపులకూ కాలు కడుక్కోవడం శ్రద్ధగా నేర్పారు. సబ్బు గెలిచిందన్నమాట.

ఇదే పురుగు వల్ల మగవాళ్లకు వచ్చే వరిబీజానికి, అంటే వృషణాల సంచిలో నీరు చేరడానికి, ఆపరేషన్ ఉంది, చిన్నదే. సిగ్గుపడి పంచె చాటున దాచుకోకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జన్‌ను అడగండి.