ఒక్క రోజులో రెట్టింపయ్యే కణాలు

మిత్రులకు నమస్కారం. ఈసారి బర్కిట్ లింఫోమా గురించి. ఇది తెల్లరక్తకణాల్లో పుట్టే ఒక క్యాన్సర్.

1957లో ఉగాండాలోని కంపాలాలో, ములాగో ఆసుపత్రిలో ఒక పసివాణ్ణి చూడమని సర్జన్ డెనిస్ బర్కిట్‌ను పిలిచారు. దవడలకు పైనా కిందా, రెండు పక్కలా వాపు. చీముగడ్డ అయితే ఇలా నాలుగు చోట్ల ఒకేసారి లేవదు. కొన్ని వారాలకే మరో ఊళ్లో ఇంకో బిడ్డ కనిపించింది. ముఖం మీద అదే వాపు, కడుపులోనూ గడ్డలు.

బర్కిట్ ముందుగా ‘ఎందుకు’ అని కాక ‘ఎక్కడ’ అని అడిగారు. నాకు ఆయనలో నచ్చేది అదే. 1961లో ఇద్దరు మిత్రులతో కారులో దాదాపు 10,000 మైళ్లు తిరిగి, ఆసుపత్రి తరవాత ఆసుపత్రిలో వాకబు చేశారు. చల్లని ఎత్తు ప్రదేశాల్లో ఈ జబ్బు లేదు. వేడి, వాన, దోమలు ఉన్నచోటే ఉంది. అది ఇంచుమించు మలేరియా పటమే.

అదే ఏడాది లండన్‌లో ఆయన ప్రసంగిస్తుంటే ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే పరిశోధకుడు విన్నారు. వెంటనే గడ్డల నమూనాలు తెప్పించుకున్నారు. 1964లో ఆయన బృందం ఆ కణాల్లో కొత్త వైరస్‌ను ప్రకటించింది. మనిషి క్యాన్సర్‌తో ముడిపడ్డ మొదటి వైరస్ అది. (ప్రసంగాలు వృథా పోవని నేను నమ్మడానికి ఇదొక్కటి చాలు.)

దోషి దొరికినట్టేనా? కాదు. లాలాజలం ద్వారా వ్యాపించే ఈ ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రపంచంలో నూటికి 90 మందికి పైగా పెద్దవాళ్లలో ఉంది. అసలు ప్రమాదం ఒకే ఒక్క బి కణంలో (ఒక రకం తెల్లరక్తకణంలో) జరుగుతుంది. ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారుచేసే ఈ కణం, ఆ పనిలో తన జన్యువులను తానే కోసి అతుకుతుంది. ఆ అతుకు తప్పితే 8వ క్రోమోజోమ్ ముక్క, సాధారణంగా, 14వ దానికి అంటుకుంటుంది. కణాన్ని విభజనకు పురిగొల్పే ‘మిక్’ జన్యువు అక్కడ ఇక ఆగదు. పదేపదే వచ్చే మలేరియా బి కణాలను రెచ్చగొట్టి ఇలాంటి పొరపాట్లకు అవకాశం పెంచుతుంది. దెబ్బతిన్న కణం చావకుండా వైరస్ అడ్డుపడుతుంది. మలేరియా లేని దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా కడుపులో మొదలవుతుంది, చాలామంది రోగుల గడ్డల్లో వైరస్ ఉండదు. క్రోమోజోమ్ మార్పు మాత్రం దాదాపు అందరిలోనూ ఉంటుంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు.

“పోయిన నెల ఏమీ లేదండీ” అని తల్లులు అంటే నమ్మాలి. ఈ కణాలు ఒకటి రెండు రోజుల్లో రెట్టింపవుతాయి. పళ్లు కదలడంతో బయటపడే సందర్భాలూ ఉన్నాయి. అయితే ఆ వేగమే మందుకు లొంగుతుంది. విభజన చెందే కణాలనే కీమోథెరపీ కొడుతుంది కనుక, మంచి వసతులున్న చోట పిల్లల్లో నూటికి 90 మంది దాకా కోలుకుంటున్నారు. చిక్కల్లా మొదటి రోజుల్లోనే. కణాలు ఒక్కసారిగా చచ్చి, ఆ చెత్తంతా మూత్రపిండాల మీద పడుతుంది. అందుకే మందుకన్నా ముందు సెలైన్ ఎక్కిస్తారు.