పాత కోత, కొత్త రాయి

శ్రోతలకు నమస్కారం. మూత్రపిండంలో రాయి ఒకసారి తీయించుకుంటే ఇక పీడ వదిలినట్టేనని చాలామంది అనుకుంటారు గాని, రాళ్లు ఏర్పడే తత్వం ఉన్నవారిలో అవి మళ్లీ పుట్టడం సాధారణమే. ఏళ్ల క్రితం నడుము పక్కన జానెడు కోత పెట్టించుకున్న మనిషికి అదే మూత్రపిండంలో మళ్లీ రాయి కనిపించిందంటే, 'మళ్లీ అక్కడే కోస్తారా?' అన్న భయం సహజం. చాలా సందర్భాల్లో ఆ అవసరం రాదు. అయితే పాత కోతను పట్టించుకోకుండా ముందుకు వెళ్లడమూ కుదరదు.

రెండు సెంటీమీటర్లు దాటిన రాళ్లకు ఎక్కువగా చేసేది పీసీఎన్‌ఎల్, అంటే పెద్ద కోత లేకుండా చర్మం గుండా చిన్న దారి వేసి రాయి తీయడం. స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రోమ్, యొహాన్సన్ 1976లో వెల్లడించిన పద్ధతి ఇది. వీపు వైపు నుంచి మూత్రపిండంలోకి సూది గుచ్చి, దాని గుండా సన్నని తీగ పంపి, ఆ తీగ వెంబడే దారిని సెంటీమీటరు వరకు, లేదా అంతకన్నా తక్కువగా వెడల్పు చేసి, దుర్బిణితో చూస్తూ రాయిని పగలగొట్టి ముక్కలు బయటికి తీస్తారు.

పాత ఆపరేషన్ ప్రభావం తెలిసేది ఈ దారి వేసేటప్పుడే. మామూలుగా మూత్రపిండం మెత్తని కొవ్వు పొరలో ఉండి, మనం ఊపిరి తీసినప్పుడల్లా కిందికీ పైకీ కదులుతుంది. ఒకసారి కోసి కుట్టాక ఆ కొవ్వు ఉండవలసిన చోట గట్టి మచ్చకణజాలం పేరుకొని, మూత్రపిండం వెనక కండరాలకు అతుక్కుపోవచ్చు. దీనివల్ల చిన్న మేలూ లేకపోలేదు: సూది తగిలినప్పుడు మూత్రపిండం పక్కకు జారిపోదు. అసలు చిక్కు దారిని వెడల్పు చేసేటప్పుడు వస్తుంది. వెడల్పు చేయడానికి తీగ వెంబడి పంపే గొట్టం మచ్చకు తగిలి ఆగిపోతుంది. బలంగా నెడితే లోపలి తీగ మడతపడి, గొట్టం దారి తప్పవచ్చు. గాలిబుడగలా ఉబ్బే బెలూను వాడితే, మచ్చ ఉన్నచోట అది నడుము బిగించినట్టు సన్నగా ఉండిపోతుంది. అందుకే ఇలాంటి వారికి ఒకదానిపై ఒకటి తొడిగే లోహపు గొట్టాలను వాడడమో, ముందుగా మచ్చను చిన్న కత్తితో కొద్దిగా చీల్చడమో చేస్తారు. చేయి తిరిగిన వైద్యుడికి కూడా ఇక్కడ కాస్త ఓపిక కావాలి.

పాత కుట్ల వల్ల మూత్రపిండం లోపల మూత్రం చేరే గదుల మెడలు ఇరుకై ఉండవచ్చు, పెద్దపేగు మూత్రపిండం వెనక్కి జరిగి ఉండవచ్చు. అందుకే సీటీ స్కాన్ తప్పనిసరిగా చూస్తారు. రాయి చిన్నదైతే మూత్రమార్గం గుండా వంగే దుర్బిణి పంపి లేజరుతో రాయిని పొడి చేస్తారు. అప్పుడు వీపు మచ్చతో పనే ఉండదు. పీసీఎన్‌ఎల్ చేయవలసి వచ్చినా, దారి వేయడానికి ఎక్కువ సమయం పట్టవచ్చేమో గాని, రాళ్లు పూర్తిగా పోవడంలో వీరికీ ఇంతకుముందు కోత లేనివారికీ పెద్ద తేడా లేదని చాలా అధ్యయనాల్లో తేలింది.

వీపు మీది మచ్చ ఆపరేషన్ జరిగిందని మాత్రమే చెబుతుంది, లోపల ఏం చేశారో చెప్పదు. కాబట్టి పాత డిశ్చార్జి కాగితాలు దొరికితే వెంట తీసుకెళ్లండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ అప్పుడే చెప్పండి. వాటిని ఎప్పుడు ఆపాలో వైద్యులు నిర్ణయిస్తారు, మీరుగా మానేయకండి. నమస్కారం.