తీర్థన్ ఏటిలో ట్రౌట్: ఎక్కడ నిలబడాలి, ఫ్లై ఎలా తేలాలి

నమస్కారం. వెనక హోరు వినిపిస్తోంది కదా, అది ఏరు. మైకుకు తొడుగు వేశాను, అయినా ఆగడం లేదు. కొంచెం గట్టిగా మాట్లాడతాను, సర్దుకోండి.

మనం ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో, కులూ జిల్లాలో, తీర్థన్ లోయలో ఉన్నాం. ట్రౌట్ అనే చల్లటి నీటి చేపను ఫ్లైతో, అంటే కొక్కేనికి వెంట్రుకలో ఈకలో కట్టి పురుగులా చేసిన ఎరతో, పట్టడానికి వచ్చాం. మన వైపు నుంచి వచ్చేవారికి దారి తేలికే. ఢిల్లీలో మనాలీ బస్సు ఎక్కండి, ఔట్ దగ్గర దిగండి. అక్కడి నుంచి బంజార్, బంజార్ నుంచి గుశైనీ. మ్యాపు తెర మీద పెట్టాను. గుశైనీ దాటాక ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, మ్యాపును ముందే దించుకోండి.

లైసెన్సు తప్పనిసరి. మత్స్యశాఖ ఇస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు వేయవచ్చు, ఎంత సైజు చేపను ఉంచుకోవచ్చు, ఎన్ని ఉంచుకోవచ్చు, అన్నీ అక్కడే అడిగి తెలుసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ వేట నిషేధం, అవి గుడ్లు పెట్టే కాలం. జూలై, ఆగస్టుల్లో వానలకు నీరు బురదగా ఉంటుంది, ప్రమాదం కూడా. కాబట్టి మార్చి నుంచి జూన్, లేకపోతే సెప్టెంబరు, అక్టోబరు. మే, జూన్‌లలో పొద్దున్నే రండి. ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు కరిగి మధ్యాహ్నానికి నీరు పెరుగుతుంది.

సామాను చూద్దాం. రాడ్డు, అంటే గాలం కర్ర, 8 అడుగులు. విసిరే లావు దారం, అంటే లైను, 4వ నంబరుది. రీలు ఏదైనా ఫరవాలేదు, నిజంగా ఏదైనా ఫరవాలేదు. ఇక్కడ రీలు చేసే పని దారం చుట్టుకోవడమే. లైనుకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం, అంటే లీడర్, 9 అడుగులు. దాని చివర ఇంకా సన్నటి దారం, 5ఎక్స్ మందం. ఫ్లైలు ఇవిగో, కొక్కెం సైజు 14, 16 నంబర్లు. ముడి ఇలా... తడి చేయండి, అయిదు చుట్లు, లాగండి. అయిపోయింది. మళ్లీ చూడాలంటే వీడియో వెనక్కి జరపండి.

డబ్బు పెట్టాల్సిన వస్తువు నన్నడిగితే ఇది, పోలరైజ్డ్ కళ్లజోడు. లెన్సు కెమెరా ముందు పెడతాను, చూడండి. లేనప్పుడు నీటి మీద తళతళ. ఉన్నప్పుడు అడుగున రాళ్లు. ఆ బూడిదరంగు రాయి పక్కన... కదిలింది, చూశారా? అది రాయి కాదు.

ఏ ఫ్లై కట్టాలి అని ప్రతి వీడియో కింద అడుగుతున్నారు. నీళ్లలో చెయ్యి పెట్టి ఒక రాయి తిప్పండి, అంతే. ఇదిగో, చిన్న చిన్న ఇసుక రేణువులు అతికించుకుని గొట్టంలా గూడు కట్టుకున్న పురుగు. కాడిస్. ఈ ఏటిలో ట్రౌట్ తినేవాటిలో ఇదొకటి. రెక్కలు వచ్చాక దీని రూపం ఎలా ఉంటుందో, కొక్కేనికి జింక వెంట్రుకలు కట్టిన ఈ ఫ్లై అలా ఉంటుంది. ఇదొక్కటి కట్టుకుంటే సగం రోజులు ఇంకో ఫ్లై అవసరమే రాదు. పెట్టె నిండా ఫ్లైలు మోసుకురావద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నిలబడే చోటు.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి ఉంటుంది. తిండి పైనుంచి కొట్టుకొస్తుంది కాబట్టి. అంటే మీరు దిగువ నుంచి రావాలి, దాని వెనక నుంచి. దిగువ నుంచి ఎగువకు. గట్టు మీద నిటారుగా నిలబడి చూడకండి. నీటి లోపలి నుంచి దానికి బయటి లోకం తల పైన ఒక గుండ్రటి కిటికీలోంచి కనిపిస్తుంది. నీటి మట్టానికి దగ్గరగా, కిందుగా ఉన్నవి ఆ కిటికీ అంచున నలిగిపోయి సరిగ్గా కనిపించవు. అందుకే నేను మోకాళ్ల మీద ఉన్నాను, వయసు వల్ల కాదు.

మన చెరువు గాలం అలవాటు ఉన్నవారు ఇంకొకటి గమనించాలి. అక్కడ బెండు వేసి కూర్చుంటాం, చేప వస్తుంది. ఇక్కడ చేప ఉన్నచోటు పట్టుకుని మనమే వెళ్లాలి. ఎక్కడ ఉంటుంది? బాణం గుర్తు చూడండి. రాయికి ముందు, రాయికి వెనక, వేగంగా పారే నీరూ మెల్లగా పారే నీరూ కలిసే ఆ గీత మీద. నురగ ఏ గీత వెంట పోతుందో తిండి కూడా ఆ గీత వెంటే పోతుంది. నురగ వెంట చూడండి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. చోటు సరిగ్గా ఉంది, ఫ్లై సరిగ్గా ఉంది, చేప పైకి వస్తుంది, చూస్తుంది, వెళ్లిపోతుంది. ఎందుకు? ఈ ముక్క నెమ్మదిగా చూపిస్తాను. ఫ్లై అక్కడ పడింది, మెల్లటి నీటిలో. నాకూ దానికీ మధ్య వేగమైన పాయ ఉంది. ఆ పాయ లైనును పట్టుకుని కిందికి వంచుతోంది. వంపు చూడండి... ఇప్పుడు ఫ్లైని ఈడ్చింది. ఫ్లై వెనక చిన్న గీత పడింది. చూశారా? మళ్లీ వేస్తాను. పడింది, తేలుతోంది, తేలుతోంది... ఇదిగో, ఈడ్చింది. ఏ పురుగూ అలా నీటిని కోసుకుంటూ పోదు. చేపకు అది చాలు.

పరీక్ష ఒకటే. ఫ్లై పక్కన ఒక నురగ బుడగను ఎంచుకోండి. రెండూ కలిసి పోవాలి. ఫ్లై ముందుకు పోయినా తప్పే, వెనకబడినా తప్పే.

దీనికి పుస్తకాల్లో చెప్పే విరుగుడు మెండింగ్, అంటే పడిన లైనును రాడ్డు కొనతో ఎగువ వైపుకు ఎత్తి వేయడం. ఇలా. పెద్ద నదిలో అది కావాలి. ఇలాంటి ఇరుకు ఏటిలో నాకు అంత నచ్చదు, ఎత్తేటప్పుడు ఫ్లై కూడా కదులుతుంది. నేను చేసేది ఇది. ఇంకో నాలుగు అడుగులు దగ్గరికి పాకుతాను. దూరం 15 అడుగులు చాలు. రాడ్డు ఎత్తి పట్టుకుంటాను, లైను గాలిలోనే, నీటి మీద లీడర్ మాత్రమే. వేగమైన పాయకు పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు చూడండి. బుడగ, ఫ్లై. బుడగ, ఫ్లై. కలిసి...

ఆ! చేప పడింది. గట్టిగా గుంజకండి, రాడ్డు ఎత్తితే చాలు.

చెయ్యి ముందు తడపండి. పొడి చేతితో పట్టుకుంటే ఒంటి మీద జిగురు పొర ఊడిపోతుంది. కొక్కేనికి ముల్లు ముందే నొక్కేశాను, పట్టకారుతో ఒక్క తిప్పు, వచ్చేసింది. బ్రౌన్ ట్రౌట్. ఎర్ర చుక్కల చుట్టూ తెల్లటి వలయాలు చూశారా? ఇది ఇక్కడి చేప కాదు. బ్రిటిష్ వారు యూరప్ నుంచి తెచ్చినది, 1900 ప్రాంతంలో కాశ్మీరుకు, ఆ తరువాత కొన్నేళ్లకు కులూకు. నీటిలోనే, ప్రవాహానికి ఎదురుగా, మెల్లగా పట్టుకోండి. అదే తోక ఆడించి పోతుంది. పోయింది.

ఒక హెచ్చరిక. మనకు ఇక్కడ ఎండ కాస్తున్నా సరే, నీరు ఉన్నట్టుండి బురదగా మారితే, లేదా ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే, సామాను వదిలేసి గట్టు ఎక్కండి. పైన ఎక్కడో వాన కురిసిందని అర్థం.

ఈ మడుగులో ఇక వేయకండి, మిగిలినవి బెదిరి ఉంటాయి. పైమడుగుకు పోదాం. అక్కడ కొమ్మలు అడ్డం, వెనక్కి విసిరే చోటు లేదు, కాబట్టి రోల్ కాస్ట్ కావాలి, అంటే లైనును వెనక్కి విసరకుండా ముందుకే దొర్లించి వేయడం. అది వచ్చే వీడియోలో.