జీడికి ఆ పేరెలా వచ్చింది?

శ్రోతలకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా పలాస మీదుగా వెళ్లి వచ్చినవారి సంచిలో జీడిపప్పు పొట్లం ఉండి తీరాలి. లేకపోతే ఇంట్లో పిల్లలు ఊరుకోరు. ఆ పొట్లం మీద ఇంగ్లీషులో 'క్యాషూ' అని అచ్చు వేసి ఉంటుంది. అమ్మే మనిషి మాత్రం జీడిపప్పు అనే అంటాడు. పప్పు ఒకటే అయినా ఈ రెండు పేర్లూ వేర్వేరు దారుల్లో వచ్చాయి. ఈ పూట వాటి గురించి మాట్లాడుకుందాం.

ఈ చెట్టు పుట్టిల్లు ఈశాన్య బ్రెజిల్. అక్కడి టూపీ భాషవారు దీన్ని 'అకజూ' అనేవారు. 16వ శతాబ్దంలో ఆ తీరానికి చేరిన పోర్చుగీసువారు ఆ మాటను నేర్చుకున్నారు. వారి నోట మొదటి అక్షరం జారిపోయి 'కజూ' మిగిలింది. అదే శతాబ్దంలో వారి ఓడల్లో విత్తనం మన దేశపు పడమటి తీరంలో దిగింది. విత్తనం వెంటే పేరూ దిగింది. హిందీలో కాజు, మలయాళంలో కశుమావు, సముద్రం దాటి మలయ్ భాషలో గజుస్. ఇంగ్లీషువారు కూడా ఆ పోర్చుగీసు మాటనే విని, తమ నోటికి తిరిగినట్టు క్యాషూ అన్నారు. నగదుకు వాడే 'క్యాష్'తో దీనికి చుట్టరికం లేదు. అది డబ్బు దాచే పెట్టెకు పేరైన మరో మాట నుంచి వచ్చింది.

మరి తెలుగువారు ఆ కజూను ఎందుకు తీసుకోలేదు?

మన అడవుల్లో నల్లజీడి అనే చెట్టు ఉంది. సంస్కృతంలో భల్లాతకం అంటారు. దాని కాయలోని రసం నల్లబడి, బట్టకు అంటితే ఎన్ని ఉతుకులకూ పోదు. చాకలివారు ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి దానితోనే గుర్తులు పెట్టేవారు. ఒంటికి తగిలితే చర్మం పొక్కిపోతుంది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఈ గింజ పెంకులోనూ సరిగ్గా అలాంటి రసమే ఉంది. అందుకని కొత్త గింజకు పాత జీడి పేరే పెట్టారు. చెట్టు మామిడిని తలపించింది కనుక జీడిమామిడి అయింది. నేటి వృక్షశాస్త్రం ప్రకారం నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. ఏ భూతద్దమూ లేకుండా ఈ చుట్టరికాన్ని పట్టుకున్న ఆ పేరు తెలియని పల్లె మనుషుల చూపు నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

ఇంకో విశేషం వినండి. ఐరోపాలో మందులు అమ్మేవారు మన నల్లజీడిని 'అనాకార్డియం' అని పిలిచేవారు. గ్రీకు భాషలో కార్డియా అంటే గుండె. కాయ గుండె ఆకారంలో ఉంటుంది కదా. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జీడిమామిడికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆ పాత పేరునే దీనికి ఇచ్చి, 'ఆక్సిడెంటాలే' అని చేర్చాడు. అంటే పడమటిది అని. ఆయన కూడా మనవాళ్ల బాటలోనే నడిచాడు. కొత్త గింజను పాత గింజ పక్కన పెట్టి చూసి పేరు పెట్టాడు.

జీడి అన్న మాట మన వంటింట్లోనూ ఉంది. వేసవిలో ఆవకాయకు ముక్కలు కొట్టేటప్పుడు, 'టెంక ఉండాలి, జీడి తీసెయ్యాలి' అని అమ్మలు చెబుతారు. టెంకలో పల్చని పొర చుట్టుకుని, కొరికితే వగరుగా ఉండే ఆ లోపలి గింజే జీడి. నాకు ఈ మాట మొదట పరిచయమైంది అక్కడే. పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటల్లో రాలిన జీడిపిక్కలను చూసింది ఆ తర్వాతే.

ఉద్దానంలో పెంకుతో ఉన్న గింజను జీడిపిక్క అంటారు. తోటలో పండు కింద వేలాడుతూ కనిపించేది ఆ పిక్కే. నిజానికి మనం పండు అనుకునేది ఉబ్బిన కాడ. అసలు కాయ కిందున్న పిక్క. బస్తాల్లో పలాసకు చేరిన పిక్కలను ఉడికించో వేయించో, ఒక్కొక్కటిగా పగలగొట్టి, పప్పు తీసి, పొర ఒలిచి, పరిమాణాన్ని బట్టి వేరు చేస్తారు. డబ్బా మీద డబ్ల్యూ 320 అని రాసి ఉంటే, పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, దాదాపు 320 పలుకులు తూగే తెల్లపప్పు అని అర్థం.

ఈ పనిలో ఎక్కువమంది స్త్రీలే. పెంకులోని రసం తగిలి చర్మం పొక్కకుండా, పగలగొట్టేటప్పుడు చేతులకు నూనో బూడిదో రాసుకుంటారు. యంత్రాలు వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. డబ్బా మీది క్యాషూ అన్న మాటలో ఆ రసం ఊసే లేదు. జీడి అన్న మాటలో ఉంది. పలాసలో ఏళ్ల తరబడి పిక్క కొట్టిన మనిషి అరచేతిని ఒకసారి చూడండి. వేళ్ల కొనలు నల్లగా, గరుకుగా, అక్కడక్కడ తోలు లేచి ఉంటాయి.

నమస్కారం.