ఓడల మీద బతికే దేశం

శ్రోతలకు నమస్కారం.

మార్చి నెలలో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తే యార్డు నిండా ఎర్రటి మిర్చి బస్తాలే కనిపిస్తాయి. పొద్దున జెండా పాటలో ఆ రోజు గరిష్ఠ ధర తేలుతుంది. ఆ తర్వాత ఖరీదుదారు ఒక్కో రైతు దగ్గరికి వచ్చి, బస్తాలోంచి నాలుగు కాయలు తీసి, విరిచి, తేమ చూసి, రంగు చూసి రేటు చెప్తాడు. తేజ రకానికైతే ఆ రేటు వెనక చైనా నుంచో, బంగ్లాదేశ్ నుంచో వచ్చిన ఆర్డరు ఉంటుంది. అక్కడ కొనుగోలు తగ్గితే నర్సంపేట రైతు ఇక్కడ నష్టపోతాడు.

మనకు ఇది ఒకటి రెండు పంటల సంగతి. సింగపూర్‌కు దేశం మొత్తం బతుకే అది. విస్తీర్ణంలో మన హనుమకొండ జిల్లా కంటే చిన్న దేశం, జనాభా సుమారు 60 లక్షలు. 1965 ఆగస్టు 9న మలేషియా నుంచి విడిపోయే నాటికి అక్కడ పంట భూమి పెద్దగా లేదు, ఖనిజాలు లేవు, తాగే నీళ్లు కూడా చాలావరకు పక్క దేశం నుంచే వచ్చేవి. వేలమందికి పని ఇస్తున్న బ్రిటిష్ సైనిక స్థావరాలు 1971కల్లా ఖాళీ అయ్యాయి. అలాంటి చోట జురాంగ్ చిత్తడి నేలల్లో ఫ్యాక్టరీలు పెట్టించారు, రేవును పెంచారు. ఇప్పుడు కంటైనర్ల లెక్కలో ప్రపంచంలో షాంఘై తర్వాతి రేవు వాళ్లదే. ఆ దేశం ఎగుమతి దిగుమతులు కలిపితే జీడీపీకి మూడు రెట్లు దాటుతాయి. బయటి నుంచి సరుకు తెచ్చుకుని, దానికి ఇంకొంత విలువ చేర్చి, మళ్లీ బయటికి పంపడంతో ఒకే సరుకు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ లెక్కలోకి వస్తుంది. అందుకే అంత పెద్ద అంకె.

ఈ బతుకులో భయం ఎంతుంటుందో చూడండి. తినే తిండిలో 90 శాతానికి పైగా కొని తెచ్చుకునేదే. 2022 జూన్‌లో మలేషియా కోళ్ల ఎగుమతి ఆపేస్తే, సింగపూర్ తినే చికెన్‌లో మూడోవంతు ఒక్కసారిగా ఆగిపోయింది. మరుసటి ఏడు జూలైలో మన దేశం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించింది. సింగపూర్ మనల్ని అడిగి, ఆగస్టు చివర్లో 50 వేల టన్నులకు ప్రత్యేక అనుమతి తెచ్చుకుంది. అప్పటికే అక్కడ నిల్వ ఉంది. బియ్యం దిగుమతి చేసుకునే ప్రతి వ్యాపారీ నెలకు తెచ్చే దానికి రెట్టింపు సరుకు ప్రభుత్వం చూపిన గోదాముల్లో ఎప్పుడూ ఉంచాలని వాళ్ల నిబంధన. సరుకు వ్యాపారిదే. ముక్కిపోకుండా పాతది అమ్ముకుంటూ కొత్తది పెట్టుకునే పూచీ కూడా ఆయనదే. అత్యవసరమైతే మాత్రం ప్రభుత్వం తీసుకుంటుంది.

ధరల అదుపులో వాళ్ల పద్ధతి ఇంకా వేరు. మన రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు పెంచడమో తగ్గించడమో చేస్తుంది, మన ఇంటి లోను ఈఎంఐ మారుతుంది. సింగపూర్ 1981 నుంచి వడ్డీని వదిలిపెట్టి, తన డాలరు మారకం విలువను చూసుకుంటోంది. అన్నీ కొని తెచ్చుకునే ఇంట్లో ధర పెరిగేది బయటే కదా! బయట ధరలు మండితే తమ డాలరును కొంచెం కొంచెంగా బలపడనిస్తారు, దిగుమతి భారం తగ్గుతుంది. 2021 అక్టోబరు నుంచి 2022 అక్టోబరు మధ్య అయిదుసార్లు ఈ పట్టు బిగించారు. దీనికి ఖరీదు ఉంది. డాలరు బలపడితే వాళ్లు అమ్మే సరుకు పరాయి దేశాలకు ప్రియమవుతుంది. అందుకే 2025లో వ్యాపారం మందగించేలా ఉందని తోచగానే ఆ పట్టు సడలించారు.

ఆ ఏడే ఏప్రిల్‌లో సింగపూర్ సరుకు మీద అమెరికా 10 శాతం సుంకం వేసింది. ఇద్దరి మధ్య 2004 నుంచి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది, సింగపూర్ అమెరికా సరుకు మీద సుంకమే వేయదు. అయినా తప్పలేదు. ఒప్పందాన్ని నమ్ముకున్న చిన్న దేశానికి ఇంతకు మించిన దెబ్బ లేదని నా అభిప్రాయం. లోపలి చిక్కులూ తక్కువ కావు. 2023లో సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య 0.97కు పడిపోయింది. ముసలివాళ్లు పెరుగుతున్నారు, వైద్యం ఖర్చు పెరుగుతోంది. పనిచేసేవాళ్లలో మూడోవంతుకు పైగా విదేశీయులే. మన ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి ఎక్కువమంది గల్ఫ్‌కే పోయినా, సింగపూర్ కన్‌స్ట్రక్షన్ సైట్లలోనూ మనవాళ్లు ఉన్నారు. వాళ్లు లేకపోతే అక్కడ ఇళ్లు లేవవు.

ఇక అసలు చెప్పాలనుకున్న మాట. ఖర్చు పెరుగుతోందని జీఎస్టీని 7 నుంచి 9 శాతానికి పెంచాలని సింగపూర్ ప్రభుత్వం అనుకుంది. ఆ మాట 2018 బడ్జెట్‌లోనే చెప్పేసింది. అమలు చేసింది 2023లో 8, 2024లో 9. ఈలోగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు నగదు, కూపన్లు ఇచ్చే ఏర్పాటు చేసింది. పన్ను ఎవరికీ ఇష్టం ఉండదు, అక్కడా విమర్శలు వచ్చాయి. కానీ దుకాణదారుకూ, కుటుంబానికీ సర్దుకోవడానికి ఏళ్ల టైము దొరికింది.

ఇలా ముందే చెప్పి చేయడం మన ఓరుగల్లుకు తెలియని నీతి కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు. తాను మాత్రం నిర్ణయించిన సుంకం, ముప్పయింట ఒక వంతు, తప్ప ఇంకేమీ తీసుకోనని రాతి మీద చెక్కించి హామీ ఇచ్చాడు. ఎక్కడో సముద్రం అవతలి వర్తకుడు బయల్దేరకముందే తన ఖర్చు లెక్క వేసుకోగలిగాడు.

2025 ఆగస్టు 19న ఏం జరిగిందో పత్తి రైతులకు గుర్తుండే ఉంటుంది. దిగుమతి పత్తి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. అమెరికా సుంకాలతో బట్టల మిల్లులు ఇబ్బందిలో పడ్డ మాట నిజమే, వాటికి చవక దూది కావాలన్నదీ నిజమే. కానీ పరకాలలో, ఆత్మకూరులో రైతు జూన్‌లోనే విత్తనం పెట్టాడు. అప్పు తెచ్చి మందులు కొట్టాడు. చేను పూత, కాత మీద ఉన్నప్పుడు రూలు మారింది. అదే నిర్ణయం మే నెలలో వచ్చి ఉంటే కొందరు మక్కకో, కందికో మళ్లేవారు. సుంకం ఎంత ఉండాలన్నది ఢిల్లీ తేల్చుకోవచ్చు, ఎప్పుడు ప్రకటించాలన్నది మాత్రం రైతు విత్తే నెలను చూసి తేల్చాలి. ఈ ఒక్క కోరికైనా మన ఎంపీలు, రైతు సంఘాలు, మిల్లుల వాళ్లు కలిసి గట్టిగా అడగాలి.