పద్మిని, అంబాసిడర్, హెరాల్డ్: ఎంతకి కొనొచ్చు? ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ఈ వారం పాత కార్ల బేరం గురించి మాట్లాడుకుందాం. స్టూడియోలో ఇద్దరున్నారు. ఒకరు పాత బళ్ల ఇంజన్, బాడీ పని తెలిసిన మేస్త్రి గారు. ఇంకొకరు వాహనాల విలువ కట్టే సర్వేయర్ గారు. మొదటి కాల్ భీమవరం నుంచి. చెప్పండి.

భీమవరం శ్రోత: నమస్తేనండి. 1988 ప్రీమియర్ పద్మిని ఒకటి చూశానండి. మెరూన్ రంగు, కొత్తగా పెయింటింగ్ చేయించారు, మెరిసిపోతోంది. లక్షా అరవై చెబుతున్నారు. పెట్టొచ్చంటారా?

మేస్త్రి: రంగు ఎప్పుడు వేయించారో అడిగారా?

భీమవరం శ్రోత: పది రోజులైందన్నారండి.

మేస్త్రి: అయితే రంగు సంగతి మర్చిపోండి. ఫ్రిజ్ తలుపుకి అంటించే చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. గీతలు పడకుండా పల్చటి గుడ్డ చుట్టి డోర్ల కింది భాగం, చక్రాల పైన ఉండే వంపు, డిక్కీ అడుగు, హెడ్‌లైట్ల చుట్టూ పెట్టి చూడండి. రేకు ఉన్నచోట గట్టిగా పట్టుకుంటుంది. జారిపోయిందంటే కింద రెండు మూడు మిల్లీమీటర్ల పుట్టీ ఉన్నట్టు. చిన్న సొట్టకి పుట్టీ పెట్టడం తప్పేం కాదు. జానెడు పొడవునా జారితే అక్కడ రేకే లేదు.

భీమవరం శ్రోత: కింద కూడా చూశానండి. నల్లగా కొత్త కోటింగ్ కొట్టారు, బాగానే ఉంది.

మేస్త్రి: ఆయ్, అక్కడే జాగ్రత్త. తుప్పు మీద తారు కోటింగ్ కొడితే తేమ లోపలే ఉండిపోయి రేకుని ఇంకా వేగంగా తినేస్తుంది. పద్మినికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. డోర్ల కింద పొడవునా ఉండే బాక్సు రేకు, రాకర్ ప్యానెల్ అంటామే, బండి బలమంతా దాని మీదే. దాంట్లో నీళ్లు పోవడానికి కింద చిన్న చిన్న కన్నాలు ఉంటాయి. మన చేలగట్ల బురద, చెరువుగట్ల ఉప్పుమట్టి వాటిని మూసేస్తాయి. నీళ్లు లోపల నిలబడి తుప్పు లోపలి నుంచి బయటకొస్తుంది. బయట వేలెడు పొక్కు కనిపించిందంటే లోపల మూరెడు పోయినట్టే. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు మొద్దుగా పలుకుతుంది.

ఆ తర్వాత జాకీ పెట్టే చోట జాకీ పెట్టి ముందు చక్రం లేచేదాకా ఎత్తించండి. అప్పుడు డోరు తీసి వేయండి. పట్టేసినా, పైన ఒక సందు, కింద ఒక సందు వచ్చినా బాడీ వంగుతోందని లెక్క. జాకీ పెట్టనివ్వం అన్నారంటే ఇంక బేరం ఆడక్కర్లేదు, వచ్చేయండి. వెనక కమాన్ పట్టీలు బాడీకి తగిలే చోటు, ముందు సస్పెన్షన్ బిగించిన చోటు, బ్యాటరీ కింద ట్రే, మ్యాట్ ఎత్తి ఫ్లోరు, ఇవన్నీ చూసి తీరాలి.

వ్యాఖ్యాత: మరి ఇంజన్?

మేస్త్రి: ఇంజన్ చివర్న చూసినా పర్లేదు. 1089 సీసీ ఇంజను, లేత్ షాపులో బోర్ కొట్టించి పిస్టన్ మార్చుకోవచ్చు. అడగాల్సింది ఇప్పటికి ఎంత సైజులో ఉందని. ట్వంటీ, ఫార్టీ సైజు అయితే, అంటే బోరు కొద్దిగానే పెంచి ఉంటే, ఇంకా అవకాశం ఉంది. సిక్స్టీ దాటితే స్లీవ్, అంటే సిలిండర్ లోపల కొత్త గొట్టం, వేయాలి. కంప్రెషన్ గేజి పెట్టించండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి. ఒకటి తక్కువొస్తే దాంట్లో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగిందా, రింగులు పోయినట్టు. పెరగలేదా, వాల్వు గానీ గ్యాస్కెట్ గానీ. ఒకటి మాత్రం పట్టుబట్టండి, మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి ఉంచితే మొదటి స్టార్టింగ్‌లో వచ్చే పొగ మీకు కనపడదు.

సర్వేయర్: రేటు సంగతి చెప్తాను. ఏ పనీ లేని పద్మినికి మీ దగ్గర ఎంత చెబుతున్నారు?

భీమవరం శ్రోత: రెండు లక్షలు అంటున్నారండి.

సర్వేయర్: అది చెప్పే రేటు. అమ్ముడయ్యే రేటు తెలియాలంటే నెల కిందటి ప్రకటనలకి ఇవాళ ఫోన్ చేయండి. ఇంకా అమ్ముడవలేదంటే ఆ రేటు ఎవరూ ఇవ్వలేదన్నమాట. సరే, రెండు లక్షలే అనుకుందాం. టింకరింగ్ షాపు వాళ్లని తీసుకెళ్లి రేకు పనికి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. మాటవరసకు అరవై వేలు రాశారనుకోండి, దానికి పావు వంతు కలపండి, ఎందుకంటే కోసి చూశాకే అసలు తుప్పు బయటపడుతుంది. డెబ్బై ఐదు అయింది. కాగితాలకి పన్నెండు వేలు పెట్టుకోండి. ఎనభై ఏడు. రెండు లక్షల్లోంచి తీసేస్తే లక్షా పదమూడు. మీ పై హద్దు అది. గ్రిల్లు, టెయిల్ ల్యాంపులు, క్రోమ్ పట్టీలు, అద్దాల రబ్బర్లు లేకపోతే ఇంకా తగ్గించండి. పిస్టన్ దొరికినంత తేలిగ్గా గ్రిల్లు దొరకదు. విజయవాడ ఆటోనగర్లో లేకపోతే చెన్నై పుదుపేట దాకా వెతుక్కోవాలి.

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి ఒక అక్కయ్యగారు లైన్లో ఉన్నారు.

అమలాపురం శ్రోత: నమస్కారమండీ. మా నాన్నగారి అంబాసిడర్, 1994 మోడల్, పెట్రోలు. కొన్నేళ్లుగా షెడ్డులోనే ఉంది. సి-బుక్కు, అదే రిజిస్ట్రేషన్ గడువు, 2019తో అయిపోయింది. ఒకాయన యాభై వేలిస్తానంటున్నారు. ఇచ్చేయమంటారా?

సర్వేయర్: తొందరపడకండమ్మా. గేరు రాడ్ ఫ్లోరు మీద ఉండి, ఐదు గేర్లు ఉన్నాయా?

అమలాపురం శ్రోత: ఉన్నాయండీ. వెనకాల 1800 అని కూడా ఉంది.

సర్వేయర్: అయితే అది 1817 సీసీ ఇసుజు ఇంజన్ బండి, 1800 ఐఎస్‌జెడ్. పాత 1489 సీసీ దాని కంటే హుషారైన ఇంజను, అడిగేవాళ్లు ఎక్కువ. ఇన్సూరెన్సు మాత్రం ఎక్కువ. 2022 జూన్ 1న వచ్చిన థర్డ్ పార్టీ రేట్ల ప్రకారం 1500 సీసీ దాటితే ఏడాదికి 7,897 రూపాయలు, 1000 నుంచి 1500 లోపు అయితే 3,416. కొనేవాళ్లు ఇది లెక్కేసుకుంటారు.

ఇప్పుడు కాగితాలు. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి రెన్యువల్. దరఖాస్తు ఫారం 25. ఇరవై ఏళ్లు దాటిన కారుకి 2025 ఆగస్టు నుంచి రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు చేశారు. ఆలస్యానికి నెలకు 500 చొప్పున అదనమని నిబంధన. 2019 నుంచి అంటే బాగానే పెరుగుతుంది కాబట్టి ముందు ఆర్టీఓ ఆఫీసులో మీ బండి నంబరు మీద మొత్తం లెక్క కట్టించుకోండి. పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ ఎంతో కూడా అప్పుడే అడగండి. పాత బుక్కు వివరాలు ఆన్‌లైన్లో ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకపోతే ముందు ఆ పని అవ్వాలి. బండి నాన్నగారి పేరు మీదే ఉందా?

అమలాపురం శ్రోత: ఆయన పేరేనండి. ఆయన లేరు.

సర్వేయర్: అప్పుడు వారసుల పేరు మీదకి మార్చాకే అమ్మాలి. దానికి ఫారం 31, మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం కావాలి. అలా కాకుండా సంతకం పెట్టి బండి ఇచ్చేస్తే రేపు ఏ ప్రమాదం జరిగినా చిక్కు మీ ఇంటికే వస్తుంది. ఆయన చెప్పిన యాభై వేలు బహుశా ఈ చిక్కంతా తీసేసుకుని చెప్పిన రేటే. కాగితాలు సరిచేయించి, బండి తనంతట తాను నడిచేలా చేయిస్తే బేరం మారుతుంది.

మేస్త్రి: నడిపించాలని ఉన్నపళంగా బ్యాటరీ పెట్టి సెల్ఫు కొట్టకండమ్మా. సిలిండర్లలో తుప్పు పట్టి ఉంటే రింగులు విరుగుతాయి. ముందు నాలుగు స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో కన్నంలో రెండు చెంచాల ఇంజనాయిల్ పోయించి రెండు రోజులు వదిలేయండి. ఆ తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా పట్టి చేత్తో రెండు చుట్లు తిప్పించండి. ఎక్కడా ఆగకుండా తిరిగితేనే ముందుకెళ్లాలి. పాత పెట్రోలు మొత్తం తీసేయాలి, ట్యాంకు అడుగు కడగాలి. ఇంజనాయిల్, ఫిల్టరు కొత్తవి. బ్రేకు వీల్ సిలిండర్లు ఇన్నేళ్లు నిలబడితే పట్టేస్తాయి, మొత్తం విప్పి కప్పులు మార్చి కొత్త ఆయిలు పోయాలి. పెట్రోలు పైపులన్నీ, పంపులో డయాఫ్రం, అంటే రబ్బరు పొర, కూడా మార్చించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు దానికి ఉబ్బి పగులుతుంది. ఇథనాల్ తేమని పీలుస్తుంది కూడా, మన కోనసీమ గాలికి ఇంక చెప్పక్కర్లేదు. సగం ట్యాంకుతో నెలలు వదిలేస్తే అడుగున నీళ్లు చేరతాయి.

వ్యాఖ్యాత: తర్వాత నరసాపురం.

నరసాపురం శ్రోత: అన్నా, నమస్తే. టాప్ లేని బండి ఒకటి చూశానన్నా. అంబాసిడర్‌ని టాపు కోసి ఓపెన్ చేశారు. పెళ్లి ఊరేగింపులకి, ప్రీ వెడ్డింగ్ షూటింగులకి అద్దెకిద్దామని. రెండున్నర లక్షలు అడుగుతున్నారు.

సర్వేయర్: తమ్ముడూ, ఆ బండికి నేను పార్టుల ధర కడతాను తప్ప బండి ధర కట్టను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. ఫిట్‌నెస్‌కి తీసుకెళ్తే ఆగిపోతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీకి కాదనడానికి కారణం దొరికినట్టే. పైగా తెల్ల నంబరు ప్లేటు బండిని అద్దెకి తిప్పకూడదు.

మేస్త్రి: చట్టం పక్కన పెట్టినా అది పడవలా ఊగుతుంది. అంబాసిడర్‌కి కూడా బాడీయే చాసిస్, టాపు దాంట్లో భాగం. టాపు కోసేస్తే డోర్ల దగ్గర మధ్యలో కుంగుతుంది. నలుగురు ఎక్కాక డోరు తెరుచుకోదు. రాకర్ల లోపల ఇనుప పైపులు వెల్డింగ్ చేసి ఆపుతారు. ఆ వెల్డింగ్ పక్కనే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

నరసాపురం శ్రోత: మరి స్టాండర్డ్ హెరాల్డ్ ఓపెన్ టాప్ ఒకటుందన్నా, 1971. ఓనరు ఒరిజినలే అంటున్నాడు.

మేస్త్రి: హెరాల్డ్ వేరే కథ. దానికి విడిగా చాసిస్ ఉంది, అందుకే టాపు లేకపోయినా నిలబడుతుంది. అయితే మామూలు హెరాల్డ్ టాపు కూడా బోల్టులతో బిగించినదే, విప్పేసి ఒరిజినల్ అని అమ్మడం తేలిక. ముందు సి-బుక్కులో బాడీ రకం ఏం రాశారో చూడు. తర్వాత మడత టాపుకి ఉండే ఇనుప ఫ్రేము, ముందు అద్దం పైన అది లాక్ అయ్యే పట్టీ ఉన్నాయేమో చూడు. గుడ్డ మన ఊళ్లో సీటు కవర్లు కుట్టేవాళ్లు కుట్టిచ్చేస్తారు. ఫ్రేము లేకపోతే మాత్రం ఎక్కడా దొరకదు, దాని విలువే ఎక్కువ.

చాసిస్ నుంచి పక్కలకి వచ్చే చేతులు, అవుట్‌రిగ్గర్లు అంటారు, అవి తుప్పు పడతాయి. కార్పెట్ ఎత్తి చూడు, టాపులోంచి కారిన నీళ్లు అక్కడే నిలుస్తాయి. పైపు పెట్టి పది నిమిషాలు నీళ్లు కొట్టించి చూస్తే ఇంకా మంచిది. అన్నిటికంటే ముఖ్యం ముందు చక్రాల అడుగున ఉండే ఇత్తడి ట్రనియన్, అంటే చక్రాన్ని మోసే నిలువు లింకు మరలతో దిగే ముక్క. దాంట్లో ఈపీ 90 గేరాయిల్ పోయాలి, గ్రీజు కాదు. మన మెకానిక్కులు అలవాటు కొద్దీ గ్రీజు కొడతారు. గ్రీజు మరల్లోకి దిగదు. మరలు ఎండిపోయి తుప్పు పట్టి, మలుపు తిప్పుతున్నప్పుడు నిలువు లింకు పుటుక్కుమని విరుగుతుంది, చక్రం పక్కకి పడిపోతుంది. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడు. ఆట ఉంటే, స్టీరింగ్ బిగుసుగా ఉంటే రెండు వైపులా లింకులు మార్చే ఖర్చు రేట్లో తీసేయ్.

సర్వేయర్: 1971 బండి 50 ఏళ్లు దాటింది కాబట్టి, స్వరూపం మార్చకుండా ఉంటే 2021 నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయించొచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబర్లో వీఏ అక్షరాలు వస్తాయి. కానీ రోజువారీ తిప్పడానికీ, వ్యాపారానికీ వాడకూడదు. పెళ్లి ఊరేగింపు బేరాలు దాంట్లో కుదరవు.

వ్యాఖ్యాత: తణుకు నుంచి క్లుప్తంగా అడుగుతున్నారు.

తణుకు శ్రోత: వేలంలో వచ్చిన మారుతి జిప్సీ జీపు, సాఫ్ట్ టాప్‌ది, తీసుకోవచ్చాండీ?

మేస్త్రి: 1300 సీసీ అయితే తీసుకోండి, 970 సీసీది పొలం పనికి చాలు, హైవే మీద ఆయాసపడుతుంది. చాసిస్ వెనక అడ్డపట్టీ, బాడీ బోల్టులు ఉండే చోట్లు చూడండి. ఫోర్ వీల్, అంటే నాలుగు చక్రాలూ లాగే గేరు, పడుతుందో లేదో తడిసిన పుంతదారిలో వేసి చూడాలి. సిమెంటు రోడ్డు మీద వేసి మలుపు తిప్పితే గేరుబాక్సు బిగదీసుకుంటుంది. వేలం కాగితాల్లో చాసిస్ నంబరు ఉందో లేదో చూసుకుని, బండి మీద పెన్సిల్ రుద్ది అచ్చు తీసి పోల్చుకోండి.

కాకినాడ శ్రోత: ఢిల్లీ బళ్లు చవగ్గా వస్తున్నాయంటున్నారు, నిజమేనాండీ?

సర్వేయర్: అక్కడ పెట్రోలు బండికి 15 ఏళ్లు, డీజిల్‌కి 10 ఏళ్ల హద్దు పెట్టారు కాబట్టి చవగ్గా వదిలించుకుంటారు. పొడి గాలి, రేకు బాగుంటుంది. మన తీరం బండి కంటే పది రెట్లు నయం. కానీ మీ ఆర్టీఓ ఆఫీసు పేరు మీద ఫారం 28, అంటే అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్ఓసీ, చేతికొచ్చాకే డబ్బివ్వండి. లారీ కిరాయి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి చూసుకోండి. కలిపాక చాలాసార్లు చవక అనేది మిగలదు.

వ్యాఖ్యాత: చివరి కాల్, పాలకొల్లు.

పాలకొల్లు శ్రోత: అంబాసిడర్ మీద మూడు లక్షలు పెట్టానండి. ఇన్సూరెన్సు వాళ్లు నలభై వేలకే రాస్తామంటున్నారు.

సర్వేయర్: ఐదేళ్లు దాటిన బండికి వయసును బట్టి తరుగు కట్టే పట్టిక ప్రకారం విలువ ఉండదు, మీరూ కంపెనీ ఒప్పుకున్నదే విలువ. కాబట్టి వాళ్లు చెప్పింది ఖాయం కాదు. పని బిల్లులు, కోసిన రేకు ఫొటోలు, లైసెన్సు ఉన్న సర్వేయర్ ఇచ్చిన విలువ నివేదిక పెట్టి అడగండి. ముందే ఒప్పందం చేసుకున్న విలువకి పాలసీ ఇవ్వాలంటే పాత మోటారు ఇన్సూరెన్సు టారిఫ్ ప్రకారం 1940 చివరికి ముందు తయారైన బండి అయ్యుండాలి, మీది అందులోకి రాదు. ఒక కంపెనీ కాదంటే రెండో కంపెనీకి వెళ్లండి. మొత్తం మూడు లక్షలకి రాయకపోవచ్చు. రంగుకి, సీట్లకి పెట్టింది వాళ్లు లెక్కలోకి తీసుకోరు. మీ బిల్లుల్లో రేకు పని ఎంతుంది?

పాలకొల్లు శ్రోత: లక్షా ఇరవై దాకా ఉంటుందండి.

సర్వేయర్: ఆ బిల్లులు విడిగా పెట్టి, బండి కొన్న రేటు దానికి కలిపి, అక్కణ్ణుంచి బేరం మొదలుపెట్టండి.