బుడమేరు నీళ్ళలో నానిన పౌడర్ కోటింగ్: నా అలాయ్ వీల్స్ రెండున్నరేళ్ళ రివ్యూ

నమస్తే అండి. ఇది నా కారు ముందు ఎడమ చక్రం. కెమెరా కాస్త దగ్గరికి తెస్తున్నా. వాల్వ్ కింద, అంచు పక్కన, అప్పడం మీద పొంగినట్టు బుడగ కనబడుతోందా? గోరు పెట్టి లాగుతున్నా చూడండి... వచ్చేసింది. ఉల్లిపొరలా వచ్చేసింది. ఇప్పుడు వెనక కుడి చక్రం. అదే గోరుతో గీకుతున్నా. ఊహూఁ, కదలట్లేదు. రెండూ ఒకే షాపులో, ఒకే రోజు, ఒకే డబ్బాలో పౌడర్‌తో కోటింగ్ చేయించినవే.

2023 డిసెంబర్‌లో విజయవాడ ఆటోనగర్‌లో చేయించాను. రంగు గన్‌మెటల్ గ్రే. చక్రానికి 2,500 తీసుకున్నారు. టైర్లు విప్పి ఎక్కించడం, బ్యాలెన్సింగ్ ఖర్చు వేరే. షాపు పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు.

మాది సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది. నాలుగు రోజులు కారు బురద నీళ్ళలోనే ఉంది. ఇంజిన్ కథ వేరు, ఇన్సూరెన్స్ కథ ఇంకా వేరు, ఆ రెండూ మొదలుపెడితే నాకు బీపీ పెరుగుతుంది. చక్రాల సంగతి మాత్రం చెప్తాను. నీళ్ళు తీశాక కడిగి చూస్తే నాలుగూ కొత్తవాటిలా ఉన్నాయి. అబ్బో అనుకున్నా. నాలుగు నెలలు తిరిగేసరికి ఈ ఒక్క చక్రం మీద గోధుమ గింజంత బుడగ లేచింది.

అసలు ఈ కోటింగ్ ఎలా వేస్తారో రెండు ముక్కల్లో చెప్తాను. ఇందులో థిన్నర్ ఉండదు, పొడి రంగు. గన్‌లోంచి వచ్చేటప్పుడు పొడికి కరెంటు చార్జ్ ఎక్కుతుంది, చక్రానికి ఎర్త్ ఇస్తారు కాబట్టి పొడి వెళ్ళి దాన్ని పట్టుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో పెడితే కరిగి, పరుచుకుని, గట్టిపడుతుంది. మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్ల మందం వస్తుంది, అంటే దాదాపు తల వెంట్రుక మందం. చిన్న రాయి తగిలితే స్ప్రే పెయింట్ లేచిపోయే చోట ఇది తట్టుకుంటుంది. వారధి మీద కంకర లారీల వెనకాల ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. బాగున్న మూడు చక్రాల మీద రాయి తగిలి రంగు లేచిన చోట్లు రెండంటే రెండే.

ఎండ సంగతి కూడా చెప్పాలి, మన బెజవాడ ఎండ కదా. మెరుపు కాస్త తగ్గింది, రంగు మాత్రం వెలిసిపోలేదు. దానికి కారణం ఇది పాలిస్టర్ పౌడర్ కావడం. ఉత్త ఎపాక్సీ పౌడర్ పైపూతగా వేస్తే ఎండకి సుద్దలా పొడి రాలుతుంది. అది అడుగున ప్రైమర్‌గా వేసుకోవడానికి బాగుంటుంది, పైన పనికిరాదు. షాపులో ‘పైపూత పాలిస్టరా, ఎపాక్సీనా’ అని ఈ ఒక్క ప్రశ్న అడగండి. నీళ్ళు నమిలారంటే బండి స్టార్ట్ చేసేయండి.

ఇప్పుడు ఊడిన పెచ్చు తిప్పుతున్నా. దాని వెనక ఏదో అంటుకుని ఉంది, చూశారా? బూడిద రంగులో, వేలితో నలిపితే పొడైపోతోంది. ఇది పుట్టీ అండి! కోటింగ్‌కి ముందెప్పుడో గవర్నర్‌పేటలో పార్కింగ్ చేస్తూ ఈ చక్రాన్ని ఫుట్‌పాత్ అంచుకి గీరేశాను. ఆ గాటు కనబడకుండా డెంటింగ్ వాళ్ళు వాడే మామూలు పుట్టీ నింపి, దాని మీద పౌడర్ కొట్టేశారు. పౌడర్ గట్టిపడాలంటే 180, 200 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి మామూలు పుట్టీ తట్టుకోదు, పగులుతుంది. కంటికి కనబడని సందుల్లోంచి వరద నీళ్ళు లోపలికి దిగాయి. కింద అల్యూమినియం మీద సున్నంలాంటి తెల్లపొడి కనబడుతోంది కదా, అదే దాని తుప్పు. కోటింగ్ కింద అది పాకుతూ పోతుంది, పైన రంగుని ఎత్తేస్తూ పోతుంది. పౌడర్‌ని తిట్టడానికి ఏమీ లేదు. నేను ఆ రోజు శాండ్ బ్లాస్టింగ్ (ఇసుక కొట్టి పాత రంగు తీసేయడం) అయ్యాక చక్రాలు చూడకుండా టీ తాగడానికి వెళ్ళాను.

ఓవెన్ దగ్గరా ఒక మోసం ఉంది. పౌడర్ ఉడకడానికి పట్టే 10, 20 నిమిషాలు లెక్కపెట్టాల్సింది చక్రం లోహం ఆ వేడికి చేరిన దగ్గర్నుంచి. తలుపు వేసిన దగ్గర్నుంచి కాదు. సరిగ్గా ఉడికిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌లో దూది ముంచి, చక్రం లోపలి వైపు ఒక మూల రుద్దండి. మెరుపు కొంచెం తగ్గితే ఫర్వాలేదు. రంగు మెత్తబడి దూదికి బాగా అంటుకుంటే పచ్చిగా ఉన్నట్టే. ఎక్కువ ఉడికినా ప్రమాదమే, అల్యూమినియం బలం తగ్గుతుంది. అందుకే ఒకే చక్రానికి ఏడాదికో రంగు మారుస్తానంటే నేను ఒప్పుకోను. పగిలిన చక్రాన్ని రంగుతో కప్పడం అయితే అసలే వద్దు.

ఇంకొకటి, నాకు చెమటలు పట్టించింది. నట్లు కూర్చునే గుంటల్లో, చక్రం వెనక వైపు హబ్‌కి (బండికి చక్రం బిగించే భాగానికి) ఆనే చోట పౌడర్ పడకూడదు. అక్కడ మూతలు పెట్టి కొట్టాలి. నాకు రెండు గుంటల్లో పడింది. నట్టు బిగించినప్పుడు గట్టిగానే ఉంది, గుంటూరు వెళ్ళి వచ్చేసరికి ఆ పొర నలిగి నట్టు వదులైంది. మంగళగిరి దగ్గర స్టీరింగ్ వణికితే గాలి తక్కువైందేమో అనుకున్నా. మీరు మాత్రం 50, 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో (ఎంత గట్టిగా బిగించామో కొలిచే పానాతో) మళ్ళీ బిగించుకోండి. ఎంత టార్కో కారు మాన్యువల్‌లో ఉంటుంది.

వాటర్ వాష్‌లో యాసిడ్ కలిపిన వీల్ క్లీనర్ కొట్టనివ్వకండి. షాంపూ నీళ్ళు చాలు. ముందు చక్రాలకి బ్రేక్ పొడి ఎక్కువ పడుతుంది, వారానికోసారి తుడిస్తే అంటుకోదు.

ఈ చక్రం ఇప్పుడు మళ్ళీ ఆటోనగర్‌కే వెళ్తోంది, షాపు వేరే. పౌడర్ పూతలో పైపైన అతుకు వేయడం కుదరదు, మొత్తం గీకి మొదట్నుంచి వేయాల్సిందే. గాటు ఉంటే ఉండనీ, పుట్టీ మాత్రం పెట్టొద్దని చెప్పాను. ఆ షాపాయన నా వైపు ఓసారి చూసి, ‘‘అయితే బ్లాస్టింగ్ అయ్యాక ఫోన్ చేస్తా, వచ్చి చూసుకోండి’’ అన్నాడు. ఫోన్ వచ్చింది. ఇదిగో, కెమెరా పట్టుకుని బయల్దేరుతున్నా.